మన గెడ్డకి మనుషుల్ని కూడగట్టేదెలా? (పైన కొండవాలు, మధ్యలో అపార్ట్‌మెంట్లు, కింద జాలరిపేట)

గెడ్డపక్కిల్లు:
అందరికీ నమస్కారం. మాది విశాఖలో హైవేకి సముద్రం వైపున్న అపార్ట్‌మెంట్. కంబాలకొండ వాలులో పుట్టిన ఓ చిన్న గెడ్డ (కొండవాగు) మా కాంపౌండు గోడని ఆనుకుని పోతుంది. పైన కొండవాలు కాలనీ, తర్వాత హైవే కల్వర్టు, ఆ తర్వాత మేము, మా కింద రెండు లేఅవుట్లు, చివర జాలరిపేట, సముద్రం. మొత్తం కలిపినా స్కూటరు మీద పావుగంట దూరం ఉండదు. గెడ్డ పేరు కావాలనే రాయట్లేదు, ఆ చుట్టుపక్కల వాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది.

పోయిన వానాకాలం మా సెల్లార్లోకి నీళ్లొచ్చాయి. అసోసియేషన్ తరఫున సోమవారం గ్రీవెన్సుకి వెళ్లి అర్జీ ఇచ్చాం. జేసీబీ వచ్చింది, పూడిక తీసింది, తీసిన మట్టిని గట్టు మీదే పోసి వెళ్లిపోయింది. తర్వాతి వానకి అదంతా మళ్లీ గెడ్డలోకే జారింది. ఇప్పుడు మావాళ్లు పరిరక్షణ కమిటీ ఒకటి పెట్టారు. పోస్టరు వేశాం, వాట్సాప్ గ్రూపు పెట్టాం, మీటింగు పెట్టాం. వచ్చినవాళ్లంతా మా బ్లాకుల వాళ్లే. పైకాలనీ నుంచి ఒక్కరూ రాలేదు. జాలరిపేట నుంచి ఒకాయన వచ్చి, వెనక కుర్చీలో కాసేపు కూర్చుని, ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు.

గెడ్డ ఒకటే అయినా దాని పక్కన బతికేవాళ్లకి ఒకరి మొహం ఒకరికి తెలియదు. జూన్‌లో వానలు దిగేలోపు ఈ మూడు వైపులనీ ఒక చోట కూర్చోబెట్టడం ఎలాగ? చేసి చూసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ ఏఈ:
ముందు కాగితం మీద మ్యాపు గీయండి. కాలువ ఒక్కటే కాదు, దానిలోకి వాన నీరు జారే కొండవాలు మొత్తం. ఆ గీత లోపల ఎవరెవరు ఉన్నారో తేలితే సగం పని అయినట్టే.

మన కొండలు ఖొండలైటు రాయి, పైన వదులు ఎర్రమట్టి. కొండకీ సముద్రానికీ మధ్య దూరం తక్కువ, వాలు ఎక్కువ. అందుకని గట్టి వాన పడితే గంటలోపే నీరు కిందకి దిగుతుంది, దాంతోపాటు మట్టీ దిగుతుంది. గోదావరి వరదకైతే భద్రాచలం నుంచి కబురు వస్తుంది, ధవళేశ్వరంలో సర్దుకుంటారు. మన గెడ్డకి ఆ వ్యవధి లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపానుకి కొండల మీద చెట్లు పడిపోయాక మట్టి పట్టు ఇంకా తగ్గింది.

ఇక ఆఫీసులు. అడవి సరిహద్దు లోపల అటవీశాఖ. కంబాలకొండ అభయారణ్యం 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అందులో రాయి కదపాలన్నా వాళ్ల అనుమతి కావాలి. బయటికి వచ్చాక గెడ్డ పోరంబోకు రెవెన్యూది. చెత్త, పూడిక, మురుగు జీవీఎంసీవి (నగర కార్పొరేషన్). కల్వర్టు హైవే వాళ్లది. తీరం దగ్గర సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలు. ఒకే చుక్క నీరు కొండ నుంచి సముద్రానికి చేరేలోపు ఇన్ని సంతకాలు దాటుతుంది. ఈ ఆఫీసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. వాళ్లని మాట్లాడించాల్సింది గట్టు మీదున్న మీరే, అదీ ఒక్క గొంతుతో వెళ్తేనే.

కొండమెట్లు:
నేను మీరు చెప్పిన పైకాలనీ లాంటి చోటే ఉంటాను. ఎందుకు రాలేదో చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

మీ పోస్టరు మా మెట్ల దగ్గర కూడా అతికించారు. అందులో మొదటి మాటే 'ఆక్రమణలు తొలగించాలి'. అది చదివినవాళ్లు మీ మీటింగుకి ఎందుకొస్తారు, వాళ్ల ఇల్లు తీసీమని చప్పట్లు కొట్టడానికా? 2024లో హైదరాబాదులో ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక టీవీలో ఏటేటి చూపించారో మేమూ చూశాం. మాలో సగం మందికి పట్టా ఉంది, సగం మందికి కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు తప్ప ఏటీ లేదు. గెడ్డ అన్న మాట వినబడితే మా అమ్మ బీరువాలో కాగితాలు తీసి చూసుకుంటాది.

చెత్త గురించి. మీకు చెత్త బండి గుమ్మం ముందుకి వస్తాది. మా మెట్లెక్కి ఏ బండీ రాదు. కిందకి మోసుకెళ్లాలంటే, పొద్దున్న ఆరింటికి పనికి బయల్దేరే మనిషి చేతిలో క్యారేజీ పట్టుకుంటాడా, చెత్త డబ్బా పట్టుకుంటాడా? గెడ్డలో పడీడం తప్పే. కానీ ఇంకో దారి చూపించకుండా ఫొటోలు తీసి గ్రూపులో పెట్టీసారు.

ఇంకోటి, మీటింగు మీ క్లబ్ హౌసులో పెట్టారు. ఆ గేటు దగ్గర మమ్మల్ని రోజూ రిజిస్టర్లో సంతకం పెట్టమంటారు. మా వాళ్లు ఆ గేట్లోకి పనిమనుషులుగా, వాచ్‌మన్లుగా వస్తారు. సభ్యులుగా ఎలా వస్తారు?

గెడ్డపక్కిల్లు:
@కొండమెట్లు, కోపం ఏమీ లేదమ్మా, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. అయితే ఎక్కడ పెడితే వస్తారు, ఏ మాట మీద వస్తారు?

కొండమెట్లు:
మా అమ్మవారి గుడి అరుగు మీద పెట్టండి. ఆదివారం సాయంత్రం ఏడు దాటాక. ఆదివారం కూడా కూలికి వెళ్లేవాళ్లు ఉన్నారు. పోస్టరు వద్దు, ఎవరైనా ఇద్దరు ఆడాళ్లు ముందు రోజు వచ్చి ఇంటింటికీ చెప్పాలి. మొదటి మాట ఇలా ఉండాలి: 'ఎవరి ఇల్లూ తీయించడానికి రాలేదు, అలాంటి అర్జీ మీద సంతకం పెట్టం.' అది అనగలిగితే రండి. అనలేకపోతే వద్దు, మీ టైమూ మా టైమూ పాడు.

చట్టంపుస్తకం:
అంత మాట ముందే ఇచ్చేయడం ప్రమాదం. 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెరువులు, కుంటలు లాంటివి సమాజం ఆస్తి అని, వాటిని ఇళ్ల స్థలాలుగా పంచకూడదని స్పష్టంగా చెప్పింది. మనకి 2002 నుంచి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణకి) ఉంది. భవన నిర్మాణ నిబంధనల్లో గెడ్డకీ చెరువుకీ ఎంతెంత దూరం వదలాలో రాసి ఉంది. ఇవన్నీ పక్కన పెట్టి 'ఎవర్నీ ఏమీ అనం' అంటే, రేపు గెడ్డ మీద స్లాబ్ వేసిన పెద్దమనిషి కూడా ఆ మాటే చూపిస్తాడు. నా సలహా గ్రీన్ ట్రిబ్యునల్, అంటే పర్యావరణ కేసులు చూసే కోర్టు. ఒక్క ఆర్డరు వస్తే ఆఫీసులన్నీ కదులుతాయి.

కొండమెట్లు:
కదులుతాయి సార్. మొదట మా రేకులింటి మీదకి కదులుతాయి. స్లాబ్ వేసిన పెద్దమనిషి స్టే తెచ్చుకుంటాడు.

రిటైర్డ్ ఏఈ:
@చట్టంపుస్తకం గారూ, మీరన్న చట్టాలు నిజమే, కానీ వరుస ముఖ్యం. నీరు ఆగిపోయేది ఎక్కడో ముందు చూడాలి. నేను చూసినంతలో కొండ మీద రేకుల ఇల్లు గెడ్డని ఒక మూర తినేస్తుంది. కింద లేఅవుట్ వేసినవాడు గెడ్డని మలుపు తిప్పి, పది అడుగులున్నదాన్ని తూము గొట్టంలో దూరుస్తాడు. నీరు వెనక్కి తన్నేది రెండోదాని వల్ల. ఎఫ్ఎంబీ స్కెచ్ (రెవెన్యూ సర్వే కొలతల పటం) తీయించి, అసలు వెడల్పు ఎంత, ఇప్పుడెంత అని ఒక్కో చోట టేపుతో కొలవండి. ఆ జాబితాలో పెద్ద అడ్డంకులు పైన ఉంటాయి. కోర్టుకి వెళ్లాల్సి వస్తే ఆ పైవాటి మీద వెళ్లండి. కొండ మీద వాళ్లే టేపు రెండో కొన పట్టుకుంటారు, రాసిపెట్టుకోండి.

చట్టంపుస్తకం:
కొలతలు ఉంటే కేసూ బలంగానే ఉంటుంది. ఒప్పుకుంటాను. కానీ ఇళ్ల గురించి రాతపూర్వకంగా మాత్రం ఏమీ ఇవ్వకండి, నోటిమాట చాలు.

కొండమెట్లు:
నోటిమాటలు మాకు చాలా మంది ఇచ్చారు సార్, ఎలక్షనుకి ఎలక్షనుకీ.

వలబుట్ట:
నమస్తే. నాది జాలరిపేట. ఏదో ఊరు అనుకోండి, తీరమంతా కథ ఒకటే.

వెనక కుర్చీలో కూర్చుని వెళ్లిపోయినాయన ఎవరో నాకు తెలీదు గానీ, ఎందుకెళ్లిపోయాడో చెప్పగలను. మీరు వరద గురించి మాట్లాడుంటారు. మాకు వరద ఏడాదికి నాలుగు రోజులు. మిగతా మూడు వందల అరవై రోజులూ మీరు వదిలే నల్లనీరు. వర్షం లేనప్పుడు కూడా గెడ్డలో నీరు పారతందంటే అదేటి నీరు? రాత్రి పదకొండు దాటాక వాసన పెరుగుతాది. సెప్టిక్ ట్యాంకర్లు కూడా కల్వర్టు దగ్గర గొట్టం దించి పోవడం మా కుర్రాళ్లు చూశారు. బండి నంబర్లు ఉన్నాయి, ఇక్కడ రాయను.

గెడ్డ నోటి దగ్గర మేం బోట్లు పెట్టుకుంటాం, వలలు బాగు చేసుకుంటాం, పిల్లలు ఆడుకుంటారు. వల లాగితే కవర్లు, డైపర్లు. ఆ వల ఒక్క గంట విదిలించాలి.

ఇంకో సంగతి మీ ఇంజినీరు గారికి తెలిసే ఉంటాది. వేసవిలో అలలు ఇసక తోసి గెడ్డ నోరు మూసేస్తాయి. వెనక నీరు నిలిచి పచ్చగా అవుతాది. మొదటి పెద్ద వానకి ఆ ఇసక కట్ట తెగాలి. తెగకపోతే నీరు వెనక్కెళ్లి మీ సెల్లార్లోకి పోతాది. పున్నానికీ అమాసకీ పోటు మీదున్నప్పుడు వాన పడితే మరీను. ఆ కట్ట ఎప్పుడు తవ్వాలో, ఏ పక్కకి తవ్వితే మళ్లీ పూడదో మా పెద్దలకి తెలుసు. ఇన్నేళ్లలో ఎవరూ వచ్చి అడగలేదు. జేసీబీ వస్తాది, తన ఇష్టమొచ్చిన చోట తవ్వుతాది, మర్నాటికి పూడిపోతాది.

రిటైర్డ్ ఏఈ:
నూటికి నూరు పాళ్లు. ఇక్కడ పెద్ద పోటుకీ పాటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటరు. మీ సెల్లారు మట్టం ఎంతో చూసుకోండి, అప్పుడు జాలరిపేట పెద్దల మాట ఎంత విలువైనదో తెలుస్తుంది.

గెడ్డపక్కిల్లు:
@వలబుట్ట గారూ, మా గోడ కింద నుంచి గెడ్డలోకి ఓ పైపు ఉంది. అది వాన నీటిదా, మరొకటా అన్నది ప్లంబరుతో రంగు నీళ్లు పోయించి చూస్తాను. మురుగుదని తేలితే కలిసి కూర్చునేలోపే మూయించే పూచీ నాది. ట్యాంకర్ల సంగతి మీరూ మేమూ కలిసి కంప్లయింట్ ఇద్దాం. మీవాళ్లు ఎప్పుడు ఖాళీగా ఉంటారు?

వలబుట్ట:
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఇంజిను బోట్లన్నీ ఒడ్డునే. ఆ రెండు నెలలే మేం మనుషుల్లా కనపడేది. కానీ నన్నో ఇంకో కుర్రాణ్నో పిలిస్తే పని అవ్వదు. ముందు కులపెద్దల దగ్గరకి వచ్చి చెప్పాలి. వాళ్లు సరే అన్నాక ఊరంతా వస్తాది. వాళ్లని దాటి వస్తే ఊరంతా రాదు. అంతే లెక్క.

వైజాగ్ నిజాలు:
ఇదంతా టైం వేస్ట్. కార్పొరేటరుకి చెప్తే ఒక్క రోజులో అయిపోతుంది.

గెడ్డపక్కిల్లు:
చెప్పాం. ఒక్క రోజులోనే అయింది, పైన రాశాను కదా, జేసీబీ కథ.

ఆర్పీ అక్క:
నేను మెప్మాలో (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) డ్వాక్రా గ్రూపులు చూస్తాను. రెండు మాటలు.

మీరంతా చివరికి ఏం చేస్తారో నాకు తెలుసు. 'మహిళా సంఘాలని కలుపుదాం' అంటారు. మా వాళ్లకి చీపుర్లు, టోపీలు ఇచ్చి, గెడ్డ దగ్గర నిలబెట్టి ఫొటో తీస్తారు. మజ్జిగ ప్యాకెట్ ఇస్తారు. అక్కడితో సరి. ఎన్ని 'దినోత్సవాలు' చూశానో. దయచేసి అది చేయకండి. మా ఆడవాళ్లు వస్తారు, బ్యాంకు లింకేజీకి (గ్రూపు అప్పుకి) నన్ను కాదనలేరు కాబట్టి వస్తారు. అలా వచ్చినవాళ్లు రెండోసారి మనసుపెట్టి రారు.

చేయదలిస్తే ఇది చేయండి. కొండ మెట్ల మొదట్లో చెత్త దించే చోటు ఒకటి, మెట్ల మీద మోసుకొచ్చే మనిషికి కూలి. ఈ రెండూ సాధించడానికి అపార్ట్‌మెంట్ వాళ్ల పలుకుబడి వాడండి. పైకాలనీ వాళ్లు పదిసార్లు అడిగినా కదలని ఫైలు, మీ అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద పైకాలనీ పేరుతో కలిపి అడిగితే కదులుతుంది. ఇది న్యాయమా అంటే కాదు. కానీ జరిగేది అదే. మీ సెల్లారు కోసం వాళ్ల సాయం అడిగే ముందు వాళ్ల చెత్త కోసం మీరు ఒక సోమవారం గ్రీవెన్సు క్యూలో నిలబడండి. ఆ తర్వాత నేను వేరేగా ఎవరినీ పిలవక్కర్లేదు.

పెందుర్తి రైతు:
మా వైపు కథ కొంచెం వేరు. మేఘాద్రిగెడ్డ రిజర్వాయరుకి నీరొచ్చే పల్లెలు మావి. ఆ నీరు నగరం తాగుతుంది. మా చిన్నప్పుడు పై చెరువు నిండి, అలుగు పారి, కింద చెరువులోకి దిగి, అలా గొలుసుగా వచ్చేది. ఇప్పుడు మధ్యలో ప్లాట్లు వేసి సప్లై కాలువలు మూసేశారు. చెరువు ఉంది, గట్టుంది, తూముంది, నీరొచ్చే దారి లేదు.

1997లో ప్రభుత్వం సాగునీటి సంఘాల చట్టం తెచ్చింది, రైతులే ఎన్నుకున్న నీటి వినియోగదారుల సంఘాలు. నేను అందులో తిరిగాను. మొదట్లో బాగానే ఉండేది, అందరం గట్టు మీదే కూర్చుని ఏ మడికి ఎప్పుడు నీరో తేల్చుకునేవాళ్లం. తర్వాత పనులకి డబ్బులొచ్చాయి. డబ్బులొచ్చాక కాంట్రాక్టర్లొచ్చారు, కాంట్రాక్టర్ల వెనక పార్టీలొచ్చాయి. ఆయకట్టులో చివరి మడి వాడు మీటింగులకి రావడం మానేశాడు. ఆ చివరి మడి వాడు మానేసిన రోజే సంఘం అయిపోయిందని నా లెక్క. మీకు చివరి మడి జాలరిపేట. వాళ్లు వస్తున్నారా లేదా అన్నది చూసుకుంటూ ఉండండి, మిగతావి వాటంతట అవే తెలుస్తాయి.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. మా వియ్యాలవారు చిత్తూరు వైపు. అక్కడ 2003 ప్రాంతంలో ఏడు కరువు జిల్లాల్లో రైతుల భూగర్భజల ప్రాజెక్టు నడిచింది, ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ అండతో. రైతులే వాన కొలిచేవారు, రైతులే బోర్లలో నీటి మట్టం కొలిచి ఊళ్లో గోడ మీద రాసేవారు. ఆ అంకెలు చూసి ఈ ఏడు వరి వేయాలా, వేరుశనగ వేయాలా అని మాట్లాడుకునేవారు. ఏ ఆఫీసరూ ఎవర్నీ ఆపలేదు. కొలిచింది తామే కాబట్టి అంకెతో గొడవ పడ్డానికి లేదు.

ఎర్రమట్టి నడక:
పెందుర్తి రైతు గారి గోడ అంకెల మాట మన గెడ్డకి అచ్చంగా సరిపోతుంది. తుపాను హెచ్చరికల కేంద్రం వాళ్ల వాన లెక్కలు వాల్తేరులో, ఎయిర్‌పోర్టులో ఉంటాయి. ఆ రెండింటికే ఒక్కోరోజు పోలిక ఉండదు, ఇక కొండ వెనక ఎంత పడిందో అవి చెప్పవు. నిలువు గోడలున్న ప్లాస్టిక్ డబ్బా, ఒక స్కేలు చాలు. ఒకటి పైకాలనీ గుడి డాబా మీద, ఒకటి అపార్ట్‌మెంట్ మీద. కల్వర్టు గోడకి అడుగు అడుగుకీ రంగు గీత. పైన వాన దంచితే పైవాళ్లు కిందకి ఫోను చేస్తారు: 'రెండో గీత దాటింది.' సెల్లార్లో కార్లు తీసుకోడానికి, జాలరిపేటలో వలలు, ఇంజిన్లు పైకి లాక్కోడానికి ఆ కాసేపు చాలు. కొండ మీద వాళ్లు అప్పుడు మీకు సాయం చేసేవాళ్లు అవుతారు, సాయం అడిగేవాళ్లు కారు. ఆ తేడా చిన్నది కాదు.

చిన్న ఉక్రోషం: ముడసర్లోవ రిజర్వాయరు మీద 2018లో పెట్టిన 2 మెగావాట్ల తేలే సోలారు పలకల ఫొటో మనందరి ఫోన్లలో ఉంది. దాంట్లోకి నీరు ఏ కొండ వాగుల్లోంచి వస్తుందో చెప్పమంటే నాతో నడిచేవాళ్లలో ఇద్దరే చెప్పారు. నీరు నిలిచే చోటు మీద ఉన్న చూపు నీరు వచ్చే దారి మీద లేదు.

ఇంకొక విన్నపం. ఎవరైనా గెడ్డకి అడుగుతో సహా కాంక్రీటు పోయిస్తామంటే ఒప్పుకోకండి. అడుగు ఇసకలోంచే మీ బోర్లకి నీరు దిగేది. తీరం పక్క బోర్లలో ఆ తీపి నీటి ఒత్తిడి తగ్గితే ఉప్పునీరు లోపలికి వస్తుంది.

రిటైర్డ్ ఏఈ:
అడుగు వదిలేయమంటే సరే. పక్క గోడలు మాత్రం కొన్ని చోట్ల తప్పవు. గట్టు అంచున ఇళ్లున్న చోట మట్టి గట్టు నిలవదు, ఇంటితో సహా జారుతుంది.

ఎర్రమట్టి నడక:
గోడ కట్టిన ప్రతి చోటా నీటి వేగం పెరిగి కింద వాళ్ల గట్టు కోస్తుంది. మీరు చదివిందే కదా సార్.

రిటైర్డ్ ఏఈ:
చదివాను, కట్టాను కూడా. మీరు వచ్చి ఆ గట్టు మీదున్న ఇంట్లో ఒక వాన రాత్రి పడుకోండి, అప్పుడు మాట్లాడుకుందాం.

కొండమెట్లు:
మా ఇంటికి రండి, చాప వేస్తాం 🙂 గోడ కావాలా వద్దా అన్నది మమ్మల్ని కూడా అడగండి. మాకైతే కావాలి. కాకపోతే దిగడానికి మెట్లు వదలాలి, గోడ కట్టీసి మెట్లు మర్చిపోతారు.

మెల్‌బోర్న్ తెలుగు:
దూరంగా ఉండి సలహా ఇస్తున్నానని తిట్టకండి, నేను పుట్టింది చినవాల్తేరులోనే. ఇక్కడ విక్టోరియా రాష్ట్రంలో 1986లో ల్యాండ్‌కేర్ అని మొదలైంది. అప్పటి మంత్రి జోన్ కిర్నర్, రైతు సమాఖ్య అధ్యక్షురాలు హెదర్ మిచెల్ కలిసి మొదలుపెట్టారు. ప్రభుత్వం, రైతులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడమే అందులో విశేషం. ఊళ్లో మెర్రి క్రీక్ అని మన గెడ్డ లాంటిదే ఒకటి ఉంది, ఒకప్పుడు ఫ్యాక్టరీల చెత్తబుట్ట. 1989 నుంచి దానికో కమిటీ ఉంది. క్రీక్ వెంబడి ఉన్న మునిసిపాలిటీలు, స్థానికుల సంఘాలు అందులో సభ్యులు. క్రీక్ ఎన్ని మునిసిపాలిటీలు దాటినా కమిటీ ఒకటే.

నేను వారాంతాల్లో మొక్కలు నాటడానికి వెళ్తుంటాను. నాకు నచ్చింది మొక్కలు కాదు, నాటాక టీ. ఆ టీ దగ్గరే ప్లంబరు, టీచరు, రిటైరైన జడ్జి ఒకరి పేర్లు ఒకరు తెలుసుకుంటారు.

వలబుట్ట:
మీ దగ్గర మునిసిపాలిటీ డబ్బిస్తాది బావా. మా దగ్గర మునిసిపాలిటీ మేస్త్రి వస్తే అదే పండగ.

మెల్‌బోర్న్ తెలుగు:
నిజమే, ఒప్పుకుంటాను. ఇక్కడ కూడా ఉత్త మంచితనంతో నడవదు. ల్యాండ్‌కేర్ సంఘాలకి సమన్వయం చేసే మనుషులకి ప్రభుత్వం జీతం ఇస్తుంది. ఫోన్లు చేసేది, మినిట్స్ రాసేది, గ్రాంటు దరఖాస్తు నింపేది వాళ్లే. జీతం ఆగిన చోట సంఘం నీరసపడుతుంది. అపార్ట్‌మెంట్ వాళ్లు మెయింటెనెన్సులో ఇంటికి ఇరవై, ముప్పై రూపాయలు వేసుకుంటే పైకాలనీలో చదువుకున్న అమ్మాయికి ఆ పని చేసే కూలి వస్తుంది. స్వచ్ఛంద సేవ అని ఉచితంగా చేయించకండి.

ఆర్పీ అక్క:
ఇది నూరుపాళ్లు కరెక్టు. ఆ డబ్బు ఎవరి అకౌంట్లో ఉంటుంది అన్నది కూడా ముందే తేల్చండి. అపార్ట్‌మెంట్ ట్రెజరర్ ఒక సంతకం, పైకాలనీ ఒకటి, జాలరిపేట ఒకటి. మూడు సంతకాలు లేకపోతే రూపాయి కదలకూడదు. కొంచెం నెమ్మదవుతుంది, అవనీండి.

చట్టంపుస్తకం:
సంఘం రిజిస్ట్రేషన్ వెంటనే వద్దు. ఒక వానాకాలం గడిచాక చూడండి. ముందే రిజిస్టర్ చేస్తే అధ్యక్షుడు ఎవరన్న దగ్గర ఆగిపోతారు.

గెడ్డపక్కిల్లు:
(రెండు వారాల తర్వాత) ఇంతవరకూ అయినవి రాస్తున్నాను.

పైపులో రంగు నీళ్లు పోయించాం. అందులో మా బ్లాకు బట్టల నీళ్లు కూడా కలిసి వస్తున్నాయని తేలింది, ప్లంబరు లైను మార్చాడు. జనరల్ బాడీలో గొడవైంది, ఖర్చు ఎవరిదని. ఇంకా నడుస్తోంది.

మా బ్లాకు నుంచి ఇద్దరు ఆడవాళ్లు పైకాలనీ ఇంటింటికీ వెళ్లారు. గుడి అరుగు మీద మీటింగు జరిగింది. ఇళ్ల సంగతి మొదటి మాటగా చెప్పాం, రాసి కూడా ఇచ్చాం (చట్టంపుస్తకం గారు క్షమించాలి). ఒక పెద్దాయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చాలాసేపు గెడ్డ ఊసే రాలేదు, నల్లా నీరు, వీధి దీపం, కుక్కలు. మావాళ్లలో ఒకాయన విసుక్కుని వెళ్లిపోయాడు. చివర్లో మాత్రం ఎవరో అన్నారు, పైన అడవి అంచులో ఒక పాత రాతి కట్ట ఉందని, అది తెగాకే మట్టి ఎక్కువగా దిగుతోందని. ఇన్ని అర్జీలు పెట్టాం, ఆ కట్ట సంగతి మాకెవరికీ తెలియదు. అటవీశాఖకి కలిపి లెటరు రాస్తున్నాం.

చెత్త దించే చోటుకి సోమవారం క్యూలో కలిసి నిలబడ్డాం. రసీదు ఇచ్చారు. పని ఇంకా కాలేదు.

ఇప్పుడు జాలరిపేట. పెద్దలు సరే అన్నారు. నోటి దగ్గర మొదలుపెట్టి కొండ దాకా అందరం కలిసి నడుద్దామని అనుకుంటున్నాం, దారిలో టేపు పట్టి కొలుస్తాం. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి పెట్టనా?

వలబుట్ట:
వచ్చే ఆదివారం వద్దు. చందనోత్సవం ఆ పక్క రోజే, ముందు రాత్రి నుంచే సగం ఊరు సింహాచలం క్యూలో ఉంటాది. తర్వాత వచ్చే పున్నం రోజు పెట్టండి. పోటు ఎంత దాకా వస్తాదో మీ కళ్లతో మీరే చూస్తారు, మేం చెప్పక్కర్లేదు. టిఫిను మా వైపు.

కొండమెట్లు:
మధ్యాహ్నం భోజనం పైన మేం పెడతాం. మీ అపార్ట్‌మెంట్ వాళ్లు మజ్జిగ తెండి, ప్యాకెట్లు కాదు, బిందెతో. ప్యాకెట్లు మళ్లీ గెడ్డలోకే వస్తాయి.

రిటైర్డ్ ఏఈ:
ముప్పై మీటర్ల టేపు నా దగ్గర ఉంది. ఎఫ్ఎంబీ కాపీ ఎవరు తీయిస్తున్నారు?

గెడ్డపక్కిల్లు:
నేను తీయిస్తున్నాను సార్.

వలబుట్ట:
మూడు జిరాక్సులు తీయించండి. ఒకటి పైకాలనీకి, ఒకటి మా పెద్దల దగ్గర ఉంటాది. ఇంతకు ముందు సర్వే చేసినోళ్లెవరూ కాగితం మాకు వదల్లేదు.